పింఛను మర్నాడు

2018లో మా ఊరి హైస్కూలు ఆవరణలో వృద్ధుల కోసం పెద్ద ఆరోగ్య శిబిరం ఒకటి పెట్టించాను. షామియానా, ఫ్లెక్సీ, పులిహోర పొట్లాలు, పట్నం నుంచి వచ్చిన ఇద్దరు వైద్యులు, ఏ లోటూ లేదు. మధ్యాహ్నానికల్లా రెండు వందల మందికి పైగా బీపీ, షుగరు చూపించుకొని పది రోజుల మాత్రలతో ఇళ్లకు వెళ్లారు. పదకొండో రోజున ఏం చేయాలో వాళ్లకు శిబిరం వారు చెప్పలేదు, ఊరివాడినై ఉండి నేనూ చెప్పలేదు. ఆ ఏడాది చివర మా వీధిలో పక్షవాతం వచ్చి పడిపోయిన పెద్దాయన ఇంటికి వెళితే, శిబిరంలో ఇచ్చిన చీటీ గోడ మీది క్యాలెండరు మేకుకు గుచ్చి ఉంది. అందులో ఆయన రక్తపోటు అంకె ఎర్ర సిరాతో రాసి ఉంది.

తర్వాత, చదువుకున్నవాళ్లం చేసే పనే చేశాను, కమిటీ వేశాను. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, ముద్రించిన లెటర్‌ప్యాడు అన్నీ అమరాయి. నాలుగు సమావేశాలు జరిగాయి, అందులో రెండు కరపత్రంలో ఎవరి పేరు ముందుండాలన్న చర్చకే సరిపోయాయి. దాని గురించి ఇంతకంటే రాయవలసింది లేదు.

దారి చూపింది మా ఊరి ఆశా కార్యకర్త. "మాస్టారూ, మీరు మీటింగు పెట్టి ముసలోళ్లను రమ్మంటారు. వాళ్లు ఎప్పుడూ కూర్చునే చోటికి మీరే రావచ్చు కదండీ" అంది. ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పినవాడికి ఆ మాట అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. నిజానికి ప్రభుత్వం వైపు నుంచి ఏర్పాట్లు లేకపోలేదు. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు 2010 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వారానికొకసారి వృద్ధుల క్లినిక్ నడపాలని అందులో ఉంది. అయితే మా ఊరికి ఆ కేంద్రం ఆరు కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆటో ఎక్కడం, దిగడం, వరుసలో నిలబడడం ఒక పూట పని, వెంట వెళ్లే మనిషికి ఒక రోజు కూలీ. ఆ ఆరు కిలోమీటర్ల మధ్య ఎవరో ఒకరు ఉండాలి.

2022లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు పింఛను మర్నాటిని, అంటే ప్రతి నెలా 2వ తేదీని ఎంచుకున్నాం. ఒకటో తేదీన పెద్దవాళ్లందరూ వేలిముద్ర కోసం ఇంటిపట్టునే ఉంటారు, కనుక రేపు ఫలానా చోట బీపీ చూస్తారని చెప్పడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. పైగా 2వ తేదీన వాళ్ల చేతిలో నాలుగు డబ్బులుంటాయి. షుగరు మాత్రలు అయిపోయి ఉంటే కొనుక్కోమని చెప్పినా ఆ రోజు ఎవరికీ కష్టం తోచదు. (ఐదో తేదీకల్లా ఆ డబ్బు మనవడి ఫోను రీచార్జికో, కొడుకు అప్పుకో వెళ్లిపోతుందన్నది వేరే సంగతి.)

రామాలయం అరుగు మీద ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా కూర్చునేవాళ్లం. పొదుపు సంఘాల నుంచి ఇద్దరు మహిళలు బీపీ మిషను పట్టేవారు, నేను పుస్తకంలో రాసేవాడిని. పట్టీ చుట్టాక మాట్లాడకూడదంటే సరిగ్గా ఆ నిమిషంలోనే కోడలి సంగతి గుర్తుకొచ్చే పెద్దమ్మలు ముగ్గురు ఉన్నారు, వాళ్లకు రెండుసార్లు చూడక తప్పదు. 140/90 దాటినవారి పేరు పక్కన గుర్తు పెట్టి ఆశాకు, విలేజ్ క్లినిక్‌కు చెప్పేవాళ్లం. అంతకుమించి వైద్యం మేము చేయలేదు, చేయకూడదు కూడా. ముప్పై ఏళ్లు దాటినవారి కోసం ఆశా నింపే పత్రంలో అరవై దాటినవారిని అడగవలసిన ప్రశ్నలు కొన్ని విడిగా ఉంటాయి. నిలబడినప్పుడు, నడిచేటప్పుడు తూలుతున్నారా, రోజువారీ పనులకు ఇంకొకరి సాయం కావాలా, దగ్గరివాళ్ల పేర్లు, ఇంటి చిరునామా మరచిపోతున్నారా అన్నవి అందులో కొన్ని. ఇంటింటికీ తిరిగి నింపితే పత్రానికి పది రూపాయలు వచ్చే ఆ హడావుడిలో వీటికి "లేదు" అన్న జవాబే ఎక్కువగా పడుతుంది. అరుగు మీద కూర్చుంటే జవాబు అడగకుండానే తెలుస్తుంది. నెల క్రితం మెట్లు తనంతట తానే ఎక్కిన మనిషి ఈసారి స్తంభం పట్టుకుంటే రాసుకోవలసినది అదే.

మొదటి రెండు నెలలు గడిచాక పుస్తకం తిరగేస్తే దళితపేట నుంచి ఒక్క పేరూ కనబడలేదు. అరుగు అందరిదీ అని నేను అనుకున్నాను. తమది కాదన్న సంగతి వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నోరు తెరిచి అడిగితే "ఎండగా ఉందండీ" అన్నారు. మూడో నెల నుంచి ఏడున్నర దాకా అరుగు మీద, ఎనిమిది నుంచి పేటలోని చర్చి వరండాలో కూర్చోవడం మొదలుపెట్టాం. ఈ మార్పు చేయడానికి అరవై ఐదేళ్ల వయసులో నాకు రెండు నెలలు పట్టిందని రాసుకోవడం సంతోషంగా ఏమీ లేదు.

మాత్రల విషయంలో మాకు తెలియనిది ఇంకా ఎక్కువ. మా పుస్తకంలో అన్ని నెలలూ సరిగ్గా ఉన్న ఒకావిడ రక్తపోటు ఉన్నట్టుండి పెరిగింది. మాత్రలు వేసుకుంటున్నానని ఒట్టు పెట్టి చెప్పింది. ఇంటికి వెళ్లి హార్లిక్స్ సీసా బోర్లిస్తే, కొత్తగా ఇచ్చిన రేకు మొత్తం అలాగే ఉంది. పాత కంపెనీ మాత్ర గులాబీ రంగు, కొత్తది తెలుపు. తెల్లమాత్ర జ్వరానికని ఆవిడ లెక్క. చదువు రాని మనిషికి మందు పేరు రంగే, ఆ రంగు మారినప్పుడు చెప్పేవాళ్లు లేకపోతే మందు మారిపోయినట్టే. మా సంఘంలో కుట్టుమిషను ఉన్న అమ్మాయి దీనికి ఉపాయం చేసింది. పాత లంగా గుడ్డతో రెండు అరల సంచి కుట్టి, ఒక అర మీద సూర్యుడిని, రెండో దాని మీద చంద్రుడిని దారంతో వేసింది. ఇప్పుడు 2వ తేదీన ఎవరు వచ్చినా సంచితోనే రావాలి.

డబ్బు సంగతి. మిషను ఒకసారి కొంటే చాలు, కానీ దానికి నాలుగు బ్యాటరీలు పదే పదే కావాలి. మొదటిసారి అయిపోతే నేను కొన్నాను, అది తప్పు. రెండోసారి కొనలేదు, ఆ నెల చూడడం ఆగిపోయింది, నన్ను నాలుగు మాటలు అన్నారు కూడా. ఆ వారం ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం సమావేశంలో, ఒక్కో పొదుపు సంఘం నెలకు ఇరవై రూపాయల చొప్పున పక్కన పెట్టాలని వాళ్లే తీర్మానించుకున్నారు. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన, నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే ఉపశమన వైద్యం ఊళ్లలోకి పాకిందీ ఇలా సామాన్యులు ఇచ్చే చిన్న చందాలతో, ఇరుగుపొరుగు స్వచ్ఛంద సేవతోనే. 2008లో అక్కడి ప్రభుత్వం విధానం ప్రకటించేనాటికే ఊళ్లలో మనుషులు సిద్ధంగా ఉన్నారు.

2024 ఏప్రిల్‌లో మాకు అసలు పరీక్ష వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికల దృష్ట్యా, ఒకటో తేదీన పింఛను ఇంటికి తెచ్చి ఇచ్చే వాలంటీర్లు ఆ పంపిణీకి దూరంగా ఉండాలని ఎన్నికల సంఘం ఆదేశించింది. చాలామంది వృద్ధులు గ్రామ సచివాలయానికి వెళ్లవలసి వచ్చింది, మేలో చాలామందికి డబ్బు బ్యాంకు ఖాతాల్లో పడింది. మా కార్యక్రమం ఒకటో తేదీకి వచ్చే వాలంటీరు మీదే ఆధారపడి ఉంటే ఆ రెండు నెలలతోనే మూతపడేది. అయితే అప్పటికే 2వ తేదీ అంటే రక్తపోటు చూసే రోజని ఊరికి అలవాటైపోయింది, ఎవరూ పిలవకుండానే సంచులు పట్టుకుని వచ్చారు. జులైలో పింఛను 4,000 అయి సచివాలయ సిబ్బంది ఇంటికి తెచ్చి ఇవ్వడం మొదలయ్యాక కబురు పంపడానికి మళ్లీ దారి ఏర్పడింది, అంతే తేడా.

ఇక ఇప్పుడు వృద్ధులకే విడిగా స్వయం సహాయక సంఘం పెట్టాలని చూస్తున్నాం. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ నిబంధనల్లో అందుకు వీలుంది, మామూలు సంఘానికి పదిమంది కావాలంటే ఇలాంటి ప్రత్యేక సంఘానికి ఐదుగురు చాలు, మగవాళ్లు కూడా చేరవచ్చు.

ఆ మగవాళ్లే మాకు అందడం లేదు. పుస్తకంలో నలుగురు ఆడవాళ్లకు ఒక మగవాడు కూడా లేడు. పిలిస్తే "నాకేం రోగం" అంటారు. వాళ్లందరూ తెల్లవారుజామున ఐదున్నరకు బస్టాపు దగ్గరి టీ కొట్టు బల్ల మీద ఉంటారని ఆశా మొన్ననే నాకు గుర్తు చేసింది. కొట్టతనితో మాట్లాడాం. పట్టీ చుట్టుకున్నాకే టీ పోస్తానన్నాడు, అదీ చక్కెర లేకుండా. వచ్చే నెల 2వ తేదీన మొదట అక్కడికే వెళ్తున్నాం.