పోతే ఏం చేద్దామనుకున్నావు?

డాక్టరు గారు అంకెలు చదువుతున్నారు, నేను వాటిని చివరి నుంచి మొదటికి చెప్పాలి. నాలుగు అంకెల వరకు తడబడలేదు. అయిదుకు వచ్చేసరికి చివరి రెండూ చెప్పాను, మూడోది నోటి దాకా వచ్చి మాయమైంది. పదకొండేళ్లుగా లెక్కల పద్దులు రాసి బతుకుతున్న మనిషిని నేను. ఆమె ముందే ఏడ్చాను.

అప్పటికి ఆరేళ్లుగా గంజాయి తాగుతున్నాను. మొదట వారానికొకసారి స్నేహితులతో, తర్వాత ప్రతి రాత్రీ ఒంటరిగా, చివరి ఏడాది ఉదయం పనికి వెళ్లే ముందు కూడా. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నా బుద్ధి మందగించిందని నాకు అనిపించలేదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే. బాగున్నానో లేదో తేల్చవలసిన మెదడే దెబ్బతిన్నది, అందుకే నాకు తెలియలేదు.

తెలిసిన రోజు బాగా గుర్తుంది. ఒక పరిచయస్తుడు వ్యాపారంలో పెట్టుబడి పెట్టమన్నాడు. లాభం ఎంత వస్తుందో చెప్పాడు. అమ్మ మోకాలి ఆపరేషను కోసం దాచిన డబ్బంతా మర్నాడే తీసుకెళ్లి ఇచ్చాను. కాగితం రాయించుకోలేదు, ఎవరినీ అడగలేదు. డబ్బు తిరిగి రాలేదు. అక్క కోప్పడలేదు. ఒక్కటే అడిగింది: "పోతే ఏం చేద్దామనుకున్నావు?" జవాబు వెతుక్కున్నాను. దొరకలేదు, ఎందుకంటే ఆ ప్రశ్న నా తలలోకి అసలు రాలేదు. రోజూ ఇతరుల ఖాతాల్లో నష్టాలు లెక్కగట్టే నాకు, నా సొంత డబ్బు దగ్గర నష్టం అన్న మాటే తోచలేదు.

నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది అక్కే. డాక్టరు గారు నాకు ఒక పేకాట ప్రయోగం గురించి చెప్పారు. మెదడు శాస్త్రవేత్తలు ఆంటోయిన్ బెచారా, ఆంటోనియో డమాసియో, వారి సహచరులు 1994లో అమెరికాలోని అయోవాలో చేసినది. ఎదురుగా నాలుగు కట్టలుంటాయి. రెండింటిలో ప్రతి ముక్కకూ పెద్ద మొత్తం వస్తుంది, కానీ అప్పుడప్పుడూ అంతకంటే పెద్ద దెబ్బ తగులుతుంది. మిగతా రెండింటిలో రాబడి తక్కువ, నష్టమూ తక్కువ, చివరికి మిగిలేది వాటిలోనే. ఆరోగ్యవంతులు కొన్ని దెబ్బలు తిన్నాక మెల్లగా మంచి కట్టల వైపు జరుగుతారు. నుదుటి వెనకుండే మెదడు భాగం దెబ్బతిన్నవారు పెద్ద మొత్తాల కట్టలనే పట్టుకుని ఉంటారు. తర్వాత గంజాయి ఎక్కువగా వాడేవారితో ఇదే ఆట ఆడించిన కొన్ని అధ్యయనాల్లో కూడా ఆ మొగ్గు కనిపించిందట. అందరిలోనూ ఒకేలా ఉండదని కూడా ఆమె చెప్పారు. వింటున్నంతసేపూ నా కళ్ల ముందు అమ్మ మోకాలే ఉంది.

మెదడు సొంతంగా తయారుచేసుకునే ఒక పదార్థాన్ని 1992లో కనుగొన్నారు. దానికి మన ఆనందం అన్న మాటతోనే అనాండమైడ్ అని పేరు పెట్టారు. అది మెదడు కణాల మీద తనను అందుకునే గ్రాహకాలకు అతుక్కుని, అవసరమైన చోట కొద్దిసేపు పనిచేసి కరిగిపోతుంది. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ అనే పదార్థం అవే గ్రాహకాలను పట్టుకుంటుంది, కానీ అన్ని చోట్లా ఒకేసారి, గంటల తరబడి. జ్ఞాపకాలు కుదురుకునే భాగంలో, ముందువెనకలు ఆలోచించే భాగంలో ఆ గ్రాహకాలు చాలా ఉన్నాయి. రోజూ వాడితే అవి తగ్గిపోతాయి. మానేసిన నాలుగు వారాలకు చాలా భాగాల్లో దాదాపు మామూలు స్థాయికి వస్తాయని మెదడు స్కాన్లలో చూశారు. ఆ నాలుగు వారాలనే పట్టుకుని వేలాడాను.

మానేశాక మొదటి వారం నరకం. చెమటలు, ఆకలి లేకపోవడం, అమ్మ గ్లాసు కింద పెట్టిన చప్పుడుకు కూడా కోపం. తర్వాత కలలు మొదలయ్యాయి. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా కలలు గుర్తున్నదే లేదు, ఇప్పుడు ఒక్క రాత్రిలో మూడు నాలుగు, లేచాక కూడా వదలనివి.

పదకొండో రోజు సాయంత్రం ఒక ఆలోచన వచ్చింది. ఇన్నాళ్లు ఆగగలిగానంటే నాకు వ్యసనం లేనట్టే, కనుక ఒక్కసారి తాగితే నష్టం లేదు. ఆ తర్కంలో నాకు ఎక్కడా లోపం కనిపించలేదు. లోపం కనిపించకపోవడమే నన్ను ఆపింది. అక్కకు ఫోను చేసి, ఆ ఆలోచనను ఉన్నదున్నట్టు గట్టిగా చెప్పాను. చెబుతుండగానే అది ఎంత బోలుగా ఉందో నాకే వినిపించింది. ఆ రోజు నుంచి మూడు నెలలు డబ్బు విషయమైనా, ఉద్యోగం విషయమైనా అక్కకు చెప్పకుండా ఏ నిర్ణయమూ తీసుకోలేదు. నా తీర్పు తిరిగి వచ్చేదాకా ఆమె తీర్పును అప్పు తెచ్చుకున్నాను.

మూడు నెలల తర్వాత డాక్టరు గారు మళ్లీ అంకెలు చదివారు. ఆరు చెప్పాను. మనుషుల పేర్లు ఇంకా జారిపోతున్నాయి, పెద్ద కాగితం చదివేటప్పుడు వేలు పెట్టుకుని చదవవలసి వస్తోంది.

అమ్మ ఆపరేషను కోసం మళ్లీ నెలనెలా దాస్తున్నాను. బ్యాంకు పుస్తకం అక్క దగ్గరే ఉంది. మొన్న తిరిగి ఇవ్వబోయింది. ఇంకొన్నాళ్లు నీ దగ్గరే ఉంచు అన్నాను.