చెట్టు కింద పడి ఉన్న షాస్టా ట్రైలర్: కాగితాల నుంచి రేకు దాకా

టెక్సస్ పల్లెల్లో పొలం గట్టునో, కొట్టం వెనకో పాత షాస్టా ట్రైలర్లు ఇంకా కనబడతాయి. కారు వెనక తగిలించి లాక్కెళ్లే, లోపల పడుకోగలిగే చిన్న గది బళ్లివి; షాస్టా అన్నది కంపెనీ పేరు. నేను తెచ్చుకున్నది 1960ల నాటి 16 అడుగుల బండి. వెనక అలంకారానికి బిగించిన రెక్కలు ఉన్నాయి, చక్రాలు మట్టిలో దిగబడ్డాయి, కాగితాలు లేవు. ఇలాంటిది కంటబడగానే ఏ రంగు వేయాలా అన్నదే మనసులో మెదులుతుంది. తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి: బండి చట్టప్రకారం మన పేరుకు మారుతుందా, నీళ్లు ఎంత లోతుకు దిగాయి.

డబ్బు చేతిలో పెట్టకముందే ముందు కొక్కెం దగ్గర ఫ్రేమ్‌ను వైర్ బ్రష్‌తో తోమి నంబరు చూడాలి. తుప్పులో కనబడకపోతే సుద్దముక్క రుద్దితే అంకెలు తేలతాయి. ఆ నంబరుతో, అమ్మినవారి సంతకంతో రసీదు రాయించుకోవాలి. టైటిల్ (యాజమాన్య పత్రం) దొరకని బండికి టెక్సస్‌లో బాండెడ్ టైటిల్ అనే దారి ఉంది. బండి విలువకు ఒకటిన్నర రెట్ల ష్యూరిటీ బాండు (అసలు యజమాని వస్తే నష్టం భరిస్తామనే హామీ పత్రం) తీసుకోవాలి. అంత సొమ్ము కట్టక్కర్లేదు, ప్రీమియం కడితే చాలు. బాండు గడువు 3 ఏళ్లు. మిగతా రాష్ట్రాల్లో పద్ధతులు వేరు.

తరలించడానికి నా సలహా ఒకటే: దాని చక్రాల మీద లాగొద్దు, ఫ్లాట్‌బెడ్ (చదునైన వేదిక ఉన్న బండి) మీద ఎక్కించండి. టైరు గాడులు కొత్తవాటిలా కనబడినా లోపలి రబ్బరు ఎండిపోయి ఉంటుంది, హైవే ఎక్కాక పేలుతుంది. జాకీని ఇరుసు దగ్గర ఫ్రేమ్ కిందే పెట్టాలి, నేల మెత్తగా ఉంటే దాని కింద మందపాటి పలక వేయాలి. పట్టీలు ఫ్రేమ్‌కు బిగించాలి. ట్రైలర్ ఒంటి మీదుగా వేసి లాగితే పుచ్చిన కలప అక్కడికక్కడే కూలుతుంది. పైకప్పు మూత, కిటికీలు, తలుపు ప్లైవుడ్ ముక్కలతో మూసేయాలి, లేకపోతే గాలికి ఎగిరిపోతాయి.

లోపల ఎలుక పెంటికలు ఉండకుండా ఉండవు. చీపురు, వాక్యూమ్ రెండూ ముట్టుకోవద్దు. ఎలుకల నుంచి మనుషులకు సోకే హంటా వైరస్ ఆ దుమ్ములోనే ఊపిరితో లోపలికి పోతుంది. తలుపులు తీసి గాలి ఆడనిచ్చి, మాస్కు, గ్లవుజులు వేసుకుని, 10 పాళ్ల నీళ్లకు 1 పాలు బ్లీచ్ కలిపి బాగా తడపాలి. 5 నిమిషాలు నానాక తడిగుడ్డతో ఎత్తేయాలి.

ఇక అసలు పని. ఈ బండిలో ఇనుము కింద చాసిస్ వరకే. పైనంతా ముప్పావు అంగుళం మందం పైన్ కర్రల చట్రం, లోపల సన్నటి బర్చ్ ప్లైవుడ్, బయట అల్యూమినియం రేకు. ఫ్యాక్టరీలో లోపలి నుంచి బయటికి కట్టుకుంటూ వచ్చి, రేకు చివర్లో తొడిగారు. అందుకే మరమ్మతు బయటి నుంచి మొదలుపెట్టాలి. పైకప్పు రేకు, పక్క రేకు కలిసే అంచు పట్టీ విప్పితే, దాని కింద పుట్టీ ఎండి పెళుసై ఉంటుంది. నీళ్లు దిగేది అక్కడా, కిటికీల పై అంచు దగ్గరా. ఆరతో పొడిచి చూడండి: కిటికీ కింది కర్ర, వెనక రెండు మూలలు, తలుపు గడప. రేకులు ఊడదీసేటప్పుడు నంబర్లు వేసి ఫొటోలు తీసుకోండి.

పుచ్చిన కర్రలు పారేయొద్దు, వంపు ముక్కలైతే అసలే పారేయొద్దు. కొత్తవి కోయడానికి అచ్చు అవే. ఒక పక్కది పూర్తిగా పొడైతే రెండో పక్కది తిరగేసి గీసుకోవచ్చు. చట్రమంతా ఒకేసారి విప్పితే బండి ఆకారం తప్పుతుంది, కొంచెం కొంచెంగా మార్చాలి. నీటికి తట్టుకునే జిగురు, స్క్రూలు రెండూ కావాలి. చెద పట్టదు కదా అని ప్రెజర్ ట్రీటెడ్ (ఒత్తిడితో మందు ఎక్కించిన) కలప వాడకండి: అందులోని రాగి తడి తగిలితే అల్యూమినియంను తినేస్తుంది.

కొత్త ప్లైవుడ్ 1/8 అంగుళం. ఒక వైపుకే సులువుగా వంగుతుంది కాబట్టి కొనేటప్పుడే వంచి చూడండి. యాంబర్ షెల్లాక్ (లక్కతో చేసిన వార్నిష్) మూడు పూతలు వేస్తే పాత తేనె రంగు వస్తుంది. వేడి, చలి ఆపడానికి ముప్పావు అంగుళం ఫోమ్ షీట్లు కర్రల మధ్య సరిగ్గా పడతాయి.

రేకు మూయకముందే వైరింగ్. పాత 120 వోల్టుల వైరుకు ఎర్త్ ఉండదు. ఫేజు ఎక్కడ రేకుకు తగిలినా, నేల మీద నిలబడి తలుపు పట్టుకున్నవాడికి షాక్. మూడు తీగల కేబుల్, జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే పరికరం) పెట్టి, ఎర్త్‌ను చాసిస్‌కు కలపాలి. ట్రైలర్ ప్యానెల్‌లో మాత్రం న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలపకూడదు. గ్యాస్ దీపం, గ్యాస్ ఫ్రిజ్ ముచ్చటగా ఉన్నా నేను తీసేశాను. చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్‌తో ఆటలు అనవసరం.

రేకు తిరిగి ఎక్కించేటప్పుడు పెంకుటింటి వరసే: పై రేకు అంచు కింది రేకు అంచు మీద పడాలి. అంచు పట్టీల కింద, కిటికీల చుట్టూ బ్యూటైల్ టేపు (నీళ్లు దిగకుండా అంటించే మెత్తటి రబ్బరు టేపు) పెట్టాలి. సిలికాన్ వద్దు, దాని మీద రంగు నిలవదు, మళ్లీ వేసిన సీలెంటూ అంటదు. పాత యజమానులు పూసిన సిలికాన్ గీకడానికే బోలెడు ఓపిక కావాలి.

రంగుకు ముందు లీకు పరీక్ష. ఒక కిటికీకి అట్ట బిగించి, దానికి చేసిన రంధ్రంలోంచి లీఫ్ బ్లోయర్‌తో (ఆకులు ఊదే యంత్రం) లోపలికి గాలి కొట్టండి. బయట అతుకుల మీద సబ్బునీళ్లు చల్లితే లీకున్న చోట బుడగలు లేస్తాయి. ఎండకు బ్యూటైల్ కొంత బయటికి ఉబ్బుతుంది. మొదటి వేసవి దాటాక పట్టీల స్క్రూలు ఇంకో చుట్టు బిగించి, ఉబ్బినదాన్ని ప్లాస్టిక్ గీకుడుతో కోసేయండి. బ్లేడుతో కోస్తే రంగు లేచిపోతుంది.