అట్లాంటిక్ కాన్ఫరెన్సులో పసిఫిక్ జట్లు

అమెరికా కళాశాల క్రీడల్లో కాన్ఫరెన్స్ అంటే ఒకప్పుడు ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాల కూటమి. 2024లో కాలిఫోర్నియాకు చెందిన స్టాన్‌ఫర్డ్ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో చేరినప్పుడు ఆ పేరు చూసి నాకు నవ్వు వచ్చింది. దీనికి బీజం 1984 నాటి సుప్రీంకోర్టు తీర్పులో పడిందని నేను భావిస్తాను: అమెరికన్ ఫుట్‌బాల్ ప్రసారాలపై కళాశాల క్రీడల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ పెత్తనాన్ని ఆ తీర్పు తొలగించడంతో కాన్ఫరెన్సులే టీవీ సంస్థలతో బేరమాడుకోసాగాయి, పేరున్న జట్లు కలిగిన కూటమికే ఎక్కువ సొమ్ము దక్కసాగింది. టెక్సస్, ఓక్లహోమా విశ్వవిద్యాలయాలు ఆగ్నేయ రాష్ట్రాల కూటమి ఎస్ఈసీకి వెళ్లినా, లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్ఏ విశ్వవిద్యాలయాలు మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో పుట్టిన బిగ్ టెన్ కూటమిలో చేరినా ప్రధాన కారణం అదే. (ఆ బిగ్ టెన్‌లో ఇప్పుడు 18 సభ్యులున్నా పేరు మారలేదు.) శతాబ్దానికి పైగా చరిత్ర ఉన్న పశ్చిమ తీర కూటమి పాక్-12లో 2024లో ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే మిగిలాయి. సాధారణంగా వారానికి ఒక్క మ్యాచే ఆడే ఫుట్‌బాల్ జట్టు ఈ దూరాలను భరించగలదు. తరచుగా ఆడవలసిన వాలీబాల్, సాఫ్ట్‌బాల్ విద్యార్థులు మాత్రం తరగతులు వదులుకొని దేశాన్ని అడ్డంగా దాటవలసి వస్తోంది.