శాంప్లింగ్‌లో మెట్లు ఉండవు

పర్లాకిమిడి, బరంపురం వైపు భజన మేళాలనూ సన్నాయి డోలునూ రికార్డు చేసేవాళ్లలో ఒక నమ్మకం గట్టిగా ఉంది: శాంప్లింగ్ రేటు (ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలవాలో) 96 కిలోహెర్ట్జ్, అంటే 96 వేలసార్లు, పెడితే ధ్వని నున్నగా వస్తుందని, 44.1 పెడితే మెట్లు మెట్లుగా తెగుతుందని. పుస్తకాల్లో వేసే మెట్ల బొమ్మే ఈ అపోహకు మూలం.

ఫైల్లో ఉండేవి చుక్కలు, అంటే ఆయా క్షణాల్లో కొలిచిన విలువలు (శాంపిల్స్), అంతే. 44.1 దగ్గర చుక్కకూ చుక్కకూ మధ్య 22.7 మైక్రోసెకన్లు. 15 కిలోహెర్ట్జ్ స్వరానికి ఒక్కో ఆవృత్తికి సగటున మూడు చుక్కలైనా పడవు. అయినా ఆ చుక్కలన్నిటి గుండా పోతూ 22.05 కిలోహెర్ట్జ్ (44.1లో సగం) లోపే ఉండే తరంగం ఒక్కటంటే ఒక్కటే. నైక్విస్ట్, షానన్‌ల పేరు మీదున్న సిద్ధాంతం చెప్పేది ఇదే. డీఏసీ (అంకెలను తిరిగి విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) చివరి ఫిల్టరు ఆ తరంగాన్నే బయటికి పంపుతుంది. ఆసిలోస్కోపు (తరంగాన్ని తెరపై గీసి చూపే పరికరం) పెట్టి చూడండి, నున్నటి సైన్ తరంగమే కనిపిస్తుంది. తాళం దెబ్బ రెండు చుక్కల మధ్య పడితే పోతుందన్న మాటా తప్పే. అది ఏ క్షణాన పడిందో చుట్టూ ఉన్న చుక్కల విలువల్లోనే ఉంటుంది. షరతల్లా ఒక్కటే: 22.05 పైనున్నదాన్ని శాంపిల్ చేయకముందే వడకట్టాలి. లేకపోతే 30 కిలోహెర్ట్జ్ ధ్వని 14.1 దగ్గర దొంగస్వరమై తేలుతుంది, దాన్ని ఆ తర్వాత విడదీయలేం.

ఒక్కో శాంపిల్‌ని రాసే బిట్లు పెరిగితే తగ్గేది అడుగునున్న రొద. బిట్టుకు సుమారు 6 డెసిబెల్స్ చొప్పున 16 బిట్లకు ఆ రొదకూ అతి గట్టి ధ్వనికీ మధ్య అంతరం 96. ఫ్యాను తిరిగే మండపంలో ఆ అంతరం నిండే ప్రశ్నే లేదు. అయినా రికార్డింగ్‌కి 24 బిట్లే పెట్టమంటాను. బరంపురం ఠాకురాణి యాత్రలో డప్పు ఎప్పుడు ఎంత గట్టిగా మోగుతుందో ఎవరూ ముందే చెప్పలేరు కదా, శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా గెయిన్ తగ్గించి ధైర్యంగా వదిలేయవచ్చు. చివర్లో 16కి దించేటప్పుడు డిథర్ (బిట్లు తగ్గించడం వల్ల వచ్చే వక్రీకరణను పోగొట్టే సన్నని రొద) వేయండి. ఇక 32 బిట్ ఫ్లోట్ అనే నిల్వ పద్ధతిలో కచ్చితత్వం 24 బిట్లదే, మిగతాది ఘాతాంకం, గుర్తు. రికార్డరులో ధ్వనిని అంకెలుగా మార్చే కన్వర్టరు దగ్గరే చితికిన దెబ్బను అది బాగుచేయదు.

అసలు నష్టం జరిగేది మరోచోట. ఫోన్ వీడియోల్లో ఆడియో సాధారణంగా 48 వేలు, సీడీకి 44,100. శాంపిల్స్ 48 వేలవై, ఫైల్ హెడరులో (ఫైల్ మొదట్లో ఉండే వివరాల్లో) 44,100 అని రాసి ఉంటే ప్లేయరు హెడరునే నమ్ముతుంది. గంట కచేరీ 65 నిమిషాల 18 సెకన్లు సాగుతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర అర్ధస్వరం దిగుతుంది. గాయకుడు తగ్గించి పాడాడనుకుని పిచ్ సాధనంతో లాగేవాళ్లున్నారు. అలా చేస్తే శ్రుతి సరిపోతుంది గానీ కాలం సాగే ఉంటుంది, డోలు దెబ్బ మసకబారుతుంది.

ఆడాసిటీ అనే ధ్వని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ పేరు పక్క మెనూలో ఉండే 'రేట్' ఆ లేబుల్‌ని మాత్రమే మారుస్తుంది, శాంపిల్స్‌ని ముట్టదు. ట్రాక్స్ మెనూలోని 'రీశాంపుల్' కొత్త శాంపిల్స్ లెక్కగడుతుంది. పై సందర్భంలో ముందు రేట్‌ని 48,000 చేయండి, వ్యవధి గంటకు వచ్చిందో లేదో చూడండి, హార్మోనియం ఆధార షడ్జంతో పోల్చండి. రెండూ కుదిరాకే, సీడీ కావాలంటే 44,100కి రీశాంపుల్ చేయండి. అప్పటిదాకా రికార్డరు కార్డులోని అసలు ఫైల్‌ని చెరపకండి.