దర్వాజా ముందు ముప్పై ఏళ్లు

మీసాలున్న నలభై ఏళ్ల మనిషిని "అకా" అని పిలవడానికి మా మేనల్లుడికి రెండు రోజులు పట్టింది. ఉజ్బెక్ భాషలో అకా అంటే అన్న. మన చెవికి మాత్రం అది అక్కే. తాష్కెంట్ విమానాశ్రయం బయట మమ్మల్ని ఎక్కించుకున్న టాక్సీ డ్రైవరు తనను అలాగే పిలవమన్నాడు. వాడు మొహమాటపడుతూ "భయ్యా" అంటే ఆయన తల అడ్డంగా ఊపి, "అకా" అని సరిదిద్దేవాడు. ఆ వారమంతా ఆయన కారులోనే తిరిగాం. ఆయనకు వచ్చినవి ఉజ్బెక్, రష్యన్. మాకు వచ్చినవి తెలుగు, హిందీ, ఇంగ్లిష్. మధ్యలో ఫోను దుబాసీ.

మేము వెళ్లింది 2025 అక్టోబరు చివరి వారంలో. ఇద్దరిని ఆ దేశానికి లాగింది అక్కడి ఫుట్‌బాల్ జట్టే, కాని చెరో దారం పట్టుకుని వెళ్లాం. వాడి దారం పేరు అబ్దుకొదిర్ ఖుసానోవ్. తాష్కెంట్‌లో పుట్టిన కుర్రవాడు, 2025 జనవరిలో మాంచెస్టర్ సిటీలో చేరాడు. మొదటి ఆటలో మూడో నిమిషంలోనే తప్పు చేసి చెల్సీకి గోల్ సమర్పించుకున్నాడు. మా వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. సిటీ ఆకాశనీలం జెర్సీని యాత్ర పొడవునా ఒంటి మీదనుంచి తీయలేదు కూడా.

నా దారం పత్తి దారం. 2024 జనవరి 18న ఖతర్‌లో జరిగిన ఆసియా కప్ పోటీలో ఉజ్బెకిస్తాన్ మనల్ని 3-0తో ఓడించింది. నేను టీవీ ముందు టీ కప్పుతో కూర్చున్న నాలుగో నిమిషానికే మొదటి గోల్ పడింది. ఎవరు వీళ్లు అని అడిగితే మేనల్లుడు ఫోనులో వెదికి, "మామయ్యా, వీళ్ల పెద్ద క్లబ్బు పేరు పఖ్తకోర్. అంటే పత్తి పండించేవాడు అని అర్థం" అన్నాడు. మాది వరంగల్ వైపు పత్తి వేసే కుటుంబం. ఎనుమాముల మార్కెట్లో పత్తి బోరాల మీద నిద్రపోయిన బాల్యం నాది. పత్తి రైతు పేరు పెట్టుకున్న బంతాట జట్టు ఉంటుందని ఏనాడూ అనుకోలేదు. నాన్నకు చెబితే ఆయన ఒకటే అడిగారు: "వాళ్లు బంతి ఆడుతూ కూర్చుంటే పత్తి ఎవరు ఏరతారు?"

తాష్కెంట్‌లో పత్తి నుంచి తప్పించుకోలేం. మొదటి ఉదయం టీ తాగిన పింగాణీ గిన్నె మీద నీలిరంగులో విచ్చుకున్న పత్తికాయలు. దేశపు చిహ్నంలో ఒక పక్క గోధుమ కంకులు, మరో పక్క పత్తి కొమ్మలు. భూగర్భ రైలు స్టేషన్లలో ఒకదాని పేరే పఖ్తకోర్, దాని గోడల నిండా మొజాయిక్‌లో పత్తి పూలు. 1977లో ఈ మెట్రో మొదలైన నాటిదే ఆ స్టేషన్. 2018 వరకు ఇక్కడ ఫొటోలు తీయనిచ్చేవారు కాదట. నేను రెండు రైళ్లు వదిలేసి ఆ గోడల ముందు నిలబడ్డాను. పూవు, పిందె, పగిలిన కాయ అన్నీ ఉన్నాయి. పురుగు మాత్రం లేదు. సోవియట్ కళాకారులు పత్తిచేలో దిగి ఉండరు.

స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో పఖ్తకోర్ స్టేడియం. 1956లో కట్టారు, క్లబ్బు పుట్టిన ఏడాదే. బయట చినార్ చెట్ల ఆకులు రాలుతున్నాయి. అకా కారు ఆపి, తన జీవితంలో అతి చెడ్డ సాయంత్రం ఇక్కడే గడిచిందన్నాడు. గెలిచిన ఆట అది. గెలిచిన ఆట చెడ్డ సాయంత్రం ఎలా అయిందో చెప్పడానికి ఫోను చాలలేదు, చేతులు, కాళ్లు, రోడ్డు పక్కన దొరికిన మూడు రాళ్లు కావలసి వచ్చాయి.

ముందుగా రెండు మాటలు నేర్పాడు. గోల్‌ను వాళ్లు దర్వాజా అంటారు. గోల్‌కీపర్ దర్వాజాబాన్. ఇక పెనాల్టీ కిక్‌కు వాడే పేరులో ఉన్నది జరిమా, అంటే మన జరిమానాయే. పారసీక మాటలు అటు తాష్కెంట్‌కూ ఇటు మన ఊళ్లకూ ఒకేలా నడిచి వచ్చాయి. మా ఇంటి దర్వాజాకు ఏటా పసుపు పూసి బొట్టు పెడతామని చెబితే అకా చాలాసేపు నవ్వాడు. మీ దర్వాజాబాన్ అదృష్టవంతుడు అన్నాడు.

2005 సెప్టెంబరు 3. ప్రపంచ కప్ అర్హత కోసం బహ్రెయిన్‌తో రెండు ఆటల పోరులో మొదటిది. ఉజ్బెక్ జట్టు 1-0 ఆధిక్యంలో ఉండగా జరిమానా దొరికింది. సర్వర్ జెపరోవ్ కొట్టాడు, బంతి దర్వాజాలో పడింది. కాని కొట్టకముందే ఒక ఉజ్బెక్ ఆటగాడు గీత దాటి లోపలికి వచ్చాడు. అలాంటప్పుడు మళ్లీ కొట్టించాలన్నది నియమం. జపాన్ నుంచి వచ్చిన రెఫరీ గోల్ కొట్టివేసి, బంతిని బహ్రెయిన్‌కు ఇచ్చాడు. ఆట 1-0తోనే ముగిసింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఫిర్యాదు చేసింది ఉజ్బెక్ పక్షమే. రెఫరీది తప్పే కాబట్టి తమకు 3-0 ఇస్తారని ఆశపడ్డారు. ఫిఫా తప్పును ఒప్పుకుని, మొత్తం ఆటనే మళ్లీ ఆడమంది. గెలిచిన ఆట చేజేతులా పోయింది. అక్టోబరు 8న తిరిగి ఆడితే 1-1. నాలుగు రోజుల తర్వాత మనామాలో 0-0. పరాయి గడ్డ మీద కొట్టిన ఆ ఒక్క గోల్ బలంతో బహ్రెయిన్ ముందుకు పోయింది.

"ఆ రెండో ఆట కూడా ఇక్కడే కూర్చుని చూశావా అకా?" అని అడిగాడు మేనల్లుడు.

లేదన్నాడు. అక్టోబరు కదా, పత్తిచేలో ఉన్నాను అన్నాడు.

అప్పట్లో ఆయన విద్యార్థి. ప్రతి శరత్కాలంలో కాలేజీకి తాళం వేసి, పిల్లలందరినీ బస్సుల్లో సిర్‌దర్యా వైపు పొలాలకు తోలేవారు. ఉపాధ్యాయులు, నర్సులు, ఆఫీసు ఉద్యోగులు కూడా పోవలసిందే. రోజుకు ఇన్ని కిలోలని లెక్క, తగ్గితే తిట్లు. ఆ సాయంత్రం ఒకరి జేబు రేడియో చుట్టూ ముప్పై మంది మూగి, 1-1 అని విని, మర్నాడు పొద్దున్నే మళ్లీ చాళ్లలోకి దిగారు. ఉజ్బెక్ పత్తిని కొనబోమని అంతర్జాతీయ సంస్థలు ఏళ్ల తరబడి పట్టుబట్టింది ఈ వెట్టి వల్లే. క్రమపద్ధతిలో సాగే వెట్టి ముగిసిందని తేలాక 2022 మార్చిలో ఆ బహిష్కరణ ఎత్తేశారు. మా నాన్న ప్రశ్నకు జవాబు అక్కడ, పత్తి రైతు పేరున్న స్టేడియం గోడ పక్కన దొరికింది.

మర్నాడు ఊరి బయట ఒక పత్తిచేను పక్కన కారు ఆపించాను. తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు నడుముకు ఒడి కట్టుకుని ఏరుతున్నారు. ఆ వంగడం, రెండు చేతులా లాగడం, ఒడి బరువుకు నడక మారిపోవడం మా ఊరి ఆడవాళ్లలో చూసినవే. మొక్కలు మాత్రం మోకాలు దాటి కొంచెమే ఉన్నాయి. ఇప్పుడు కిలోకు ఇంత అని కూలి ఇస్తారని అకా చెప్పాడు. నాన్నకు ఫోను చేసి, ఒకప్పుడు ఇక్కడ డాక్టర్లూ టీచర్లూ ఏరేవారట అన్నాను. కొంచెంసేపు అటువైపు నుంచి మాట లేదు. తర్వాత, "కూలి ఎంత ఇచ్చేవారట?" అన్నారు. అకాను అడిగితే చూపుడువేలును బొటనవేలికి తాకించి సున్నా చుట్టి, తర్వాత కొంచెం విడదీశాడు. అంతే అని.

జట్టు సంగతికి వస్తే, బహ్రెయిన్‌తో కథ ముగియలేదు. 1994లో హిరోషిమాలో తొలిసారి ఆసియా క్రీడలకు వెళ్లి ఏకంగా బంగారు పతకం తెచ్చిన జట్టు ఇది. ఫైనల్లో చైనాను 4-2తో ఓడించింది. అలాంటి ఆరంభం తర్వాత ప్రపంచ కప్ ఎంత దూరం అనుకున్నారు. 1998 పోటీకి మొదలుపెట్టి వరుసగా ఏడుసార్లు దర్వాజా ముందు నుంచే వెనక్కి వచ్చారు. 2013లో దక్షిణ కొరియాతో పాయింట్లు సమానమైతే, గోల్స్ తేడాలో ఒక్కటంటే ఒక్కటి తక్కువై మూడో స్థానానికి జారారు. తర్వాత జోర్డాన్‌తో రెండు ఆటలూ 1-1. తాష్కెంట్‌లో జరిమానాల పోటీ 9-8 దాకా సాగి, అందులో ఓడారు. 2017లో సొంత గడ్డ మీద కొరియాను ఓడించాల్సి ఉండగా 0-0. వీటిని అకా వేళ్ల మీద లెక్కపెట్టినట్టు చెబుతుంటే, నాకు ధర వచ్చే రోజుకు వాన పడి తడిసిన పత్తి బోరాలు గుర్తుకు వచ్చాయి.

చివరికి ఆ దర్వాజా తెరుచుకున్నది 2025 జూన్ 5న, అదీ ఒక్క గోల్ లేకుండా. అబుదాబిలో యుఏఈతో 0-0. అర్హతకు ఆ డ్రా చాలు. ఆ రాత్రి ఎదుటివాళ్ల దర్వాజా తెరిచి కాదు, తమ దర్వాజా మూసి గెలిచారు. దర్వాజాబాన్ ఉత్కిర్ యూసుపోవ్ దేనినీ లోపలికి రానివ్వలేదు. మధ్య ఆసియా నుంచి ప్రపంచ కప్‌కు, 2026 పోటీకి, అర్హత సాధించిన మొదటి దేశం ఇదే. కోచ్ తిమూర్ కపాద్జే, ఆ చేజారిన ఏళ్లలో జాతీయ జట్టుకు వందకు పైగా ఆటలు ఆడినవాడు. ఆ రాత్రి కారు హారన్ పాడయ్యేదాకా మోగించానని అకా చెప్పాడు. ఐదు రోజుల తర్వాత తాష్కెంట్‌లో ఖతర్‌ను 3-0తో ఓడించినప్పుడు అధ్యక్షుడు వచ్చి ఆటగాళ్లకు విద్యుత్ కార్లు పంచాడు. మేము తిరిగింది తెల్ల షెవర్లే కారులో. ఈ దేశంలోనే తయారవుతాయి, వీధిలో పది కార్లుంటే ఏడెనిమిది అవే కనిపించాయి. "నాకు ఒక్క గోల్ కొట్టడం వచ్చి ఉంటే" అని అకా స్టీరింగ్ తట్టాడు.

మేము వెళ్లేసరికి కొత్త గొడవ నడుస్తోంది. ఆ నెల మొదట్లోనే 2006లో ఇటలీ కెప్టెన్‌గా ప్రపంచ కప్ ఎత్తిన ఫాబియో కాన్నవారోను కోచ్‌గా తెచ్చారు. అకాకు మింగుడు పడలేదు. విత్తు వేసి, కలుపు తీసి, కాపు నిలబెట్టిన రైతును గట్టు మీద కూర్చోబెట్టి, ఏరే రోజుకు పేరున్న ఆసామిని పిలిచారన్నాడు. నాకు ఆయన మాటే న్యాయమనిపించింది. మేనల్లుడు ఒప్పుకోలేదు. "ప్రపంచ కప్ వేరు మామయ్యా, అక్కడ అనుభవం కావాలి" అని వాదించాడు. వాదన పలావు కొట్టు దాకా సాగింది. అక్కడ పసుపు క్యారెట్లు, గుర్రపు మాంసం వేసిన పెద్ద పళ్లెం వచ్చాక ఇద్దరూ ఊరుకున్నారు. నేను గుర్రాన్ని పక్కకు జరిపి అన్నం తిన్నాను.

చిలోంజోర్ వైపు ఉన్న పెద్ద స్టేడియానికీ వెళ్లాం. 34,000 మంది పడతారు, 2012లో తెరిచారు. ఆ వారం ఆట లేదు. కాపలాదారు కమ్మీల సందులోంచి పచ్చిక చూపించాడు. మేనల్లుడు ఆ కమ్మీలనే పట్టుకుని ఫొటో దిగాడు, జైల్లో ఉన్నట్టు వచ్చింది.

చివరి రోజు బోట్కిన్ శ్మశానానికి తీసుకువెళ్లమని నేనే అడిగాను. అకా ఏమీ అనలేదు, దారిలో ఆగి కార్నేషన్ పూలు కొన్నాడు. సరి సంఖ్యలో కొన్నాడు. చనిపోయినవాళ్లకు సరి సంఖ్య ఇవ్వాలట, బతికినవాళ్లకు బేసి.

1979 ఆగస్టు 11న పఖ్తకోర్ జట్టు సోవియట్ లీగులో ఒక ఆట కోసం విమానంలో బయలుదేరింది. ఉక్రెయిన్ మీదుగా వెళ్తుండగా, దాదాపు 8,400 మీటర్ల ఎత్తున మరో విమానం వచ్చి ఢీకొంది. నేల మీద నుంచి దారి చెప్పేవాళ్ల పొరపాటు. రెండు విమానాల్లో 178 మంది, ఒక్కరూ మిగలలేదు. వారిలో ఆటగాళ్లు, సిబ్బంది కలిపి పఖ్తకోర్ వాళ్లు 17 మంది. సోవియట్ జాతీయ జట్టుకు ఆడిన మిఖాయిల్ ఆన్, వ్లదీమిర్ ఫ్యోదొరోవ్ కూడా ఉన్నారు. ఆన్‌కు గాయమై ఆ ప్రయాణం ఉండకూడదని, స్నేహితులు బతిమాలి ఎక్కించారని ఊళ్లో చెప్పుకుంటారు. తర్వాత మిగతా క్లబ్బులు తలా కొందరు ఆటగాళ్లను పంపి జట్టును నిలబెట్టాయి. మూడేళ్ల పాటు ఎంత అడుగున ఉన్నా కింది శ్రేణికి దింపబోమని లీగు మాట ఇచ్చింది. 1982లో ఆ అతుకుల జట్టు ఆరో స్థానంలో నిలిచింది.

స్మారకం దగ్గర మా ముగ్గురం తప్ప ఎవరూ లేరు. మేనల్లుడు విమానంలో నేర్చుకున్న రష్యన్ అక్షరాలతో పేర్లు కూడబలుక్కుంటూ చదివాడు. అకా పూలు పెట్టి, రాతి మీద రాలిన ఆకులను చేత్తో ఊడ్చాడు. తాను పుట్టకముందు చనిపోయిన మనుషులు. అయినా ఏ ఆటగాడు ఎక్కడ ఆడేవాడో వరుసగా చెప్పాడు. తండ్రి నేర్పాడట.

వెనక్కి నడుస్తుండగా మేనల్లుడు ఆగి నా చెయ్యి పట్టుకున్నాడు. "మామయ్యా, వాళ్లు వెళ్తున్నది మిన్స్క్‌కు. ఖుసానోవ్ పద్దెనిమిదేళ్లకు ఇల్లు వదిలి ఆడడానికి వెళ్లిందీ మిన్స్క్‌కే. సిటీ దాకా పోయిన దారి అక్కడే మొదలైంది" అన్నాడు. అదే ఫోనులో టైపు చేసి అకాకు అందించాడు. ఆయన తెరను కొంచెం దూరంగా పట్టుకుని చదివాడు. ఫోను తిరిగి ఇచ్చాడు.

"బిలామన్" అన్నాడు. దీనికి అనువాదం అవసరం లేకపోయింది. తెలుసు అని.