సాల్వేజ్ టగ్గు యాట్‌గా మారాలంటే

కెర్రీ ప్యాకర్ అనగానే క్రికెట్ తెలిసినవారికి 1977లో ఆయన పెట్టిన వరల్డ్ సిరీస్ పోటీలు గుర్తుకొస్తాయి. ఆ ఆస్ట్రేలియా మీడియా యజమాని తన యాట్‌గా, అంటే సముద్ర విహారపు సొంత నౌకగా, ఎలాంటి ఓడను ఎంచుకున్నాడో మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఎంత పెద్ద యాట్‌నైనా కొత్తగా కట్టించుకోగల స్తోమత ఉండి కూడా ఆయన, 1969లో జర్మనీలోని బ్రెమర్‌హావెన్‌లో షిహావ్ సంస్థ కట్టిన 'ఆర్కటిక్' అనే సాల్వేజ్ టగ్గును (ఆపదలో పడిన ఓడలను కాపాడి లాక్కొచ్చే బలమైన ఓడను) కొని, 1990లలో మాల్టాలో యాట్‌గా మార్పించాడు. మంచు నీళ్లలో తిరగడానికి వీలుగా బలపరచిన, దాదాపు 88 మీటర్ల పొడవున్న ఆ ఓడ 'ఆర్కటిక్ పి' అనే పేరుతో రెండో జీవితం మొదలుపెట్టింది.

విశాఖపట్నంలో పెరిగిన నాకు టగ్గులంటే చిన్నప్పటినుంచీ ఇష్టం. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకైన కాలువలోంచి పెద్ద పెద్ద ఓడలను లోపలి హార్బర్‌కు నడిపించుకొచ్చే టగ్గులను చూస్తూ పెరిగి, ఆ తరువాత ఓడల మరమ్మతు పనిలోనే స్థిరపడ్డాను. అయితే హార్బర్ టగ్గు వేరు, సముద్రపు సాల్వేజ్ టగ్గు వేరు. మొదటిది రేవు దాటి ఎక్కువ దూరం పోదు. రెండోది ఏ సముద్రంలోనో, ఏ దీవి చాటునో వారాల తరబడి కాచుకుని ఉండి, ఎక్కడైనా ఓడ ఇంజిన్ ఆగిపోయిందనో, మంటలు లేచాయనో కబురు అందిన మరుక్షణం తుపాను అని కూడా చూడకుండా బయలుదేరవలసిన ఓడ. ఆ రంగంలో చిరకాలంగా నడుస్తున్న, లండన్ బీమా మార్కెట్ లాయిడ్స్ పేరుతో ఉన్న ఒప్పందం ప్రకారం ఓడను కాపాడగలిగితేనే ప్రతిఫలం దక్కుతుంది, లేకపోతే సాధారణంగా ఏమీ రాదు. కాబట్టి అందరికంటే ముందు చేరుకునే వేగం, చేరుకున్నాక ఎన్ని రోజులైనా లాగగల సత్తువ, మధ్యలో రేవు ముఖం చూడకుండా తిరగడానికి సరిపడా ఇంధనం, సిబ్బంది నెలల తరబడి ఉండడానికి గదులు, ఇవన్నీ ఒకే ఓడలో అమరాయి. దూరాలు తిరగాలనుకునే యాట్ యజమానికి కావలసినవి కూడా సరిగ్గా ఇవే.

ఇంత మంచి ఓడలు అమ్మకానికి ఎందుకు వచ్చాయంటే, వాటి వ్యాపారం దెబ్బతినడం వల్ల. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత భారీ ట్యాంకర్ల రాకపోకలు క్రమంగా తగ్గాయి, ఓడల ఇంజిన్లు మెరుగై నడిసముద్రంలో ఆగిపోవడం అరుదయింది, లాగే పనిలో కొంత భాగాన్ని సముద్రపు చమురు బావుల దగ్గర పనిచేసే ఓడలు తీసుకున్నాయి. పని కోసం కాచుకుని కూర్చున్న టగ్గుకు రోజూ అయ్యే ఖర్చు మాత్రం తగ్గలేదు. 'ఆర్కటిక్'కు అదే ఏడాది పుట్టిన జంట ఓడ 'ఓషనిక్' 17,500 అశ్వశక్తితో తన కాలంలో ప్రపంచంలోని అత్యంత బలమైన టగ్గులలో ఒకటి. అది జర్మనీ ప్రభుత్వం తరఫున ఉత్తర సముద్రంలో అత్యవసర టగ్గుగా 2011 వరకు కాపలా కాసింది. ఒకే నమూనాతో పుట్టిన రెండు ఓడల్లో ఒకటి ఏళ్ల తరబడి ఆపదలో ఉన్నవారి కోసం ఎదురుచూస్తే, రెండోది అతిథులను దేశదేశాలకు తిప్పింది. నెదర్లాండ్స్‌లోని కిండర్‌డైక్‌లో స్మిట్ టగ్గు సంస్థ కోసం కట్టిన 'క్లైడ్', 'ఎల్బే'లదీ ఇలాంటి కథే. 1957లో వచ్చిన 'క్లైడ్' కాలక్రమంలో 'సీవుల్ఫ్' అనే యాట్ అయింది. 1959లో వచ్చిన 'ఎల్బే' అమెరికాలో రేవు పైలట్ల (ఓడలకు రేవులోకి దారి చూపేవారి) ఓడగా కొంతకాలం పనిచేసి, 1985 నుంచి పర్యావరణ ఉద్యమ సంస్థ గ్రీన్‌పీస్ చేతిలో ఆ సంస్థ పేరుతోనే తిరిగి, ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని మాస్‌లూయిస్ రేవులో మ్యూజియంగా ఉంది.

పాత ఓడ చవకగా వస్తుంది కాబట్టి యాట్ కూడా చవకగా తయారవుతుందని చాలామంది లెక్కవేస్తారు. ఆ లెక్క ఎంత తప్పో గ్రీకు ఓడల యజమాని అరిస్టాటిల్ ఒనాసిస్ 1954లోనే చూపించాడు. ఆయన కొన్నది టగ్గు కాదు, ఫ్రిగేట్ రకపు కెనడా నౌకాదళపు పాత యుద్ధనౌక, అయినా లెక్క మారదు. తుక్కు ధరకు 34,000 డాలర్లు పెట్టి కొన్న ఆ ఓడను జర్మనీలోని కీల్ నగరంలో 'క్రిస్టినా'గా మార్పించడానికి సుమారు 40 లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. అంటే కొన్న ధరకు నూరు రెట్లకు పైనే. పాత పని ఓడను కొనేవాడికి దక్కే అసలు లాభం డబ్బులో లేదు. మందమైన ఉక్కు, లోతైన పొట్ట, పెద్ద ఇంధన ట్యాంకులు, ఎత్తైన ముందు భాగం, అన్నిటికీ మించి తుపాను సముద్రంలో నెగ్గుకొచ్చినట్టు ఏళ్ల తరబడి రుజువైన ఆకారం, ఇవీ ఆయనకు దక్కేవి. వీటి మీద మనసు లేనివారు కొత్త యాట్ కట్టించుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఓడను డ్రై డాక్‌లోకి (నీళ్లు తోడేసి ఓడ అడుగు దాకా మరమ్మతు చేసే చోటికి) ఎక్కించాక మొదటి పని ప్లేట్ల మందం కొలవడం. పెయింటును మెరిసే ఉక్కు కనిపించేదాకా గీకి, అరచేతంత చోట జిగురు ద్రవం రాసి, అల్ట్రాసోనిక్ యంత్రపు మొనను ఆనించగానే అంకె కనిపిస్తుంది. దాన్ని అక్కడే ప్లేటు మీద సుద్దతో రాస్తారు. పని పూర్తయ్యేసరికి ఓడ పొట్ట అంతా సుద్ద అంకెలతో నిండిపోతుంది. ఓడను అర్థం చేసుకోవడానికి దానికి మించిన పుస్తకం నాకు తెలియదు. మొదట 12 మిల్లీమీటర్లున్న ప్లేటు 9కి దిగిందంటే నాలుగో వంతు పోయినట్టే, అక్కడ కోసి కొత్త ప్లేటు వేయక తప్పదు. అనుభవం ఉన్న సర్వేయర్ ముందుగా లంగరు గొలుసు ఉండే గది అడుగుకు, సముద్రపు నీరు లోపలికి తీసుకునే పెట్టెల చుట్టూ, స్నానాల గదుల కింద ఎవరి కంటా పడకుండా ఏళ్ల తరబడి చెమ్మ దిగిన చోటికి వెళ్తాడు. బయటికి నునుపుగా కనిపించే ఓడ పక్కల్లో దొరకని తుప్పు అక్కడ దొరుకుతుంది.

1950లు, 60ల నాటి ఓడలన్నిటిలోనూ వేడిని, మంటను ఆపడానికి వాడిన ఆస్బెస్టాస్ అనే ప్రమాదకరమైన నార ఖనిజం ఉంటుందనే అనుకుని పని మొదలుపెట్టాలి. పొగ గొట్టాల చుట్టూ చుట్టిన పొరల్లో, ఇంజిన్ గది గోడల్లో, గదుల పలకల వెనుక అది దాగి ఉంటుంది. సముద్రంలో ప్రాణరక్షణ కోసం ఉన్న అంతర్జాతీయ సోలాస్ నిబంధనలు 2002 జూలై 1 నుంచి దాన్ని కొత్తగా వాడడాన్ని కొద్దిపాటి మినహాయింపులతో నిషేధించాయి, 2011 జనవరి 1 నుంచి ఆ మినహాయింపులు కూడా పోయాయి. దాన్ని తీసే పని శిక్షణ పొందిన మనుషులే, గాలి బయటికి పోకుండా మూసిన గదిలో చేయాలి. ఇక్కడ ఆదా చేయాలనుకునే యజమాని దగ్గర పని ఒప్పుకోకూడదు, ఎందుకంటే ఆ దుమ్ము పీల్చిన కార్మికుడికి జబ్బు కొన్ని దశాబ్దాల తరువాత బయటపడుతుంది.

అన్నిటికంటే కష్టమైనది, బయటివారికి అసలు కనిపించనిది, బరువు సంగతి. టగ్గులో భారీ ఇంజిన్లు అడుగున ఉంటాయి, వెడల్పు ఎక్కువ, పైన కట్టడం తక్కువ. అందువల్ల అది ఒరిగితే వెంటనే నిటారుగా లేచే ఓడ. యాట్ కోసం పైన ఒకటి రెండు అంతస్తులు వేసి, పాలరాయి పరిచి, ఈతకొలను పెట్టి, కిందనున్న పాత ఇంజిన్లను తీసి తేలికైన కొత్తవి అమర్చితే, బరువు రెండువైపుల నుంచీ పైకి జరుగుతుంది. నిలకడ తగ్గిపోయి, చివరికి అడుగున ఇనుమో సిమెంటో నింపి సరిదిద్దుకోవలసి వస్తుంది. అందుకే మార్పులకు ముందొకసారి, పూర్తయ్యాక ఒకసారి ఓడను ఒరిగించి చూసే పరీక్ష చేస్తారు. గాలి లేని ఉదయం తాళ్లు వదులు చేసి, అనవసరమైన మనుషులను దింపి, ట్యాంకులను పూర్తిగా నింపో పూర్తిగా ఖాళీ చేసో, తూకం తెలిసిన దిమ్మలను డెక్కు మీద ఒక పక్కనుంచి మరో పక్కకు జరుపుతారు. లోపల పొడవాటి తీగకు వేలాడదీసిన గుండు, ఊగిసలాట అణగడానికి పెట్టిన నీళ్ల తొట్టిలో మునిగి ఉంటుంది. దిమ్మ జరిగిన ప్రతిసారీ ఆ తీగ కొలబద్ద మీద కొన్ని మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. వేల టన్నుల ఓడ బరువు ఎంత ఎత్తులో కేంద్రీకృతమై ఉందో ఆ కొద్ది మిల్లీమీటర్లే చెబుతాయి. ఆ సమయంలో అక్కడ ఎవరూ గట్టిగా అడుగు కూడా వేయరు.

అయితే బరువు కొంత పైకి జరగడం ప్రతిసారీ చెడ్డదేమీ కాదు. చటుక్కున లేచే ఓడ సురక్షితమే గాని, అందులోని మనిషిని గోడకేసి కొడుతుంది. నిలకడ కాస్త తగ్గితే ఊగడం నెమ్మదించి, శరీరానికి హాయిగా ఉంటుంది. ఆ రెండిటి మధ్య ఎక్కడ ఆగాలో తేల్చడంలోనే నౌకా రూపశిల్పి పనితనమంతా ఉంది. దీనికి తోడు మరో తేడా ఉంది. టగ్గు జీవితంలో ముఖ్యమైన గడియలు నడకలో గడుస్తాయి, యాట్ జీవితంలో ఎక్కువ భాగం లంగరు వేసి గడుస్తుంది. ఊగడాన్ని తగ్గించడానికి ఓడ పక్కల్లో అమర్చే, నీటి ప్రవాహం ఉంటేనే పనిచేసే మామూలు స్టెబిలైజర్ రెక్కలు ఆగి ఉన్న ఓడకు ఉపయోగపడవు కాబట్టి, నిలిచి ఉన్నప్పుడు కూడా తమంతట తాము ఆడే రెక్కలు అమర్చాలి. రాత్రంతా నడిచే జనరేటర్ల మోత అతిథుల గదులకు చేరకుండా వాటిని మెత్తని దిమ్మల మీద నిలపాలి, గదుల నేలను ఉక్కుకు నేరుగా తగలకుండా వేయాలి.

ఇంజిన్ల విషయంలో నేను పాతవాటి పక్షమే. బరువు గురించి పైన చెప్పిన కారణం ఒకటైతే, అవి మరమ్మతు చేసుకుంటూ పోతే దశాబ్దాల పాటు నడిచే యంత్రాలు కావడం మరొకటి. కాని పూర్తి బలంతో లాగడానికి చేసిన ఇంజిన్‌ను యాట్ వేగంలో ఎప్పుడూ తక్కువ భారంతో నడిపితే, సరిగా మండని నూనె, మసి లోపల పేరుకుంటాయి. రెండు ఇంజిన్లున్న చోట ఒకదానితోనే ప్రయాణించడం, అప్పుడప్పుడు పూర్తి భారం ఇవ్వడం అలవాటు చేసుకోగల ఇంజనీర్లు దొరికితేనే వాటిని ఉంచుకోవాలి.

అతిథుల సంఖ్య ముందే తేల్చుకోవాలి. పన్నెండుమందికి మించి ప్రయాణికులను ఎక్కిస్తే సోలాస్ దృష్టిలో అది ప్రయాణికుల ఓడ అయిపోతుంది, అగ్నిమాపక ఏర్పాట్ల నుంచి లైఫ్‌బోట్ల దాకా లెక్కలన్నీ మారతాయి. అద్దెకిచ్చే పెద్ద యాట్‌లలో సాధారణంగా పన్నెండుమందికే చోటు చూపించడం ఇందుకే.

ఇటీవలి మార్పుల్లో నాకు బాగా నచ్చినది 'రాగ్నార్'. 2012లో నెదర్లాండ్స్‌లో రాయల్ నీస్టర్న్ సాండర్ సంస్థ దాన్ని 'సానాబోర్గ్' పేరుతో కాస్పియన్ సముద్రపు మంచులో పనిచేసే సహాయక నౌకగా కట్టింది. హార్లింగెన్‌లోని ఐకాన్ యాట్స్ 2020 నాటికి దాన్ని 68 మీటర్ల యాట్‌గా మార్చింది. అది పని ఓడ అని చూడగానే తెలుస్తుంది, ఆ ముఖాన్ని దాచడానికి ఎవరూ ప్రయత్నించలేదు. మార్చేనాటికి దాని వయసు ఎనిమిదేళ్లే కాబట్టి ఆస్బెస్టాస్ బెడద లేదు, యంత్రాల విడిభాగాలకూ వెతుకులాట ఉండదు. 1960ల టగ్గుల మీద నాకున్న ప్రేమ తగ్గలేదు గాని, ఈ రోజున ఎవరైనా నన్ను సలహా అడిగితే ఇలాంటి వయసున్న ఓడనే వెతకమంటాను. ఏ ఓడనైనా ధర అడగడానికి ముందు దాని అసలు డ్రాయింగులు, స్టెబిలిటీ బుక్‌లెట్ (ఓడ నిలకడ లెక్కల పుస్తకం), చివరిసారి తీసిన మందం కొలతల నివేదిక చూపించమనాలి. ఆ మూడింటిలో ఏది లేకపోయినా, బేరం కుదరకముందే డ్రై డాక్ ఖర్చు ఎవరు భరించాలో కాగితం మీద రాయించుకోవాలి.