సరాపికీ బస్సులో పిక్క చూపించిన పెద్దాయన

కోస్టా రికా రాజధాని సాన్ హోసే నుంచి సరాపికీ వెళ్లే బస్సు బ్రౌలియో కరియో అడవి దాటుతుండగా ఆగిపోయింది. ముందెక్కడో కొండచరియ విరిగిపడిందన్నారు. కోస్టా రికా వెళ్లినవాళ్లకు ఆ 32వ నంబరు రోడ్డు గురించి చెప్పక్కర్లేదు. బయట వాన, కిటికీ అద్దాల మీద మంచు. రాత్రి అడవి నడకకు మనిషికి 45 డాలర్లు ముందే కట్టేశాను, బూట్ల అద్దె వేరే. అది పోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్.

పక్క సీట్లో పెద్దాయన. ఒళ్లో తోలు ఒరలో పెట్టిన పొడవాటి కత్తి. అనాస తోటల్లో పనిచేసి మానేశాడట. ఎక్కడికని అడిగాడు. టెక్సాస్‌లో పదేళ్లుగా ఉండటంతో నాకు వచ్చీరాని స్పానిష్ ఉంది. పాములు చూడ్డానికి వెళ్తున్నానని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత వంగి ప్యాంటు మోకాలిదాకా మడిచాడు.

పిక్కలో సగం లేదు. తొడ మీది చర్మం తీసి అతికించిన చోట నున్నగా మెరుస్తోంది.

"టెర్సియోపెలో" అన్నాడు. అది అక్కడి విషపాము పేరు, ఆ మాటకు మఖమలు అని అర్థం. ఒంటి మీది పొలుసులు అంత మెత్తగా కనిపిస్తాయని ఆ పేరు. మధ్య అమెరికాలో ఎక్కువమందిని కాటేసేది ఇదే. ఆయనకు అప్పటికి ముప్ఫై ఏళ్లు. తుప్పలు కొడుతుంటే కాటేసింది. కాళ్లకు చెప్పులు మాత్రమే ఉన్నాయి. గంటలోపే కాలు ఉబ్బి నల్లబడింది, చిగుళ్ల నుంచి రక్తం కారింది. ఆ విషం సన్నటి రక్తనాళాల గోడలను తినేస్తుంది, రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాన్ని ఖర్చు చేసేస్తుంది. కాటు పడ్డ మూడు గంటల తర్వాత ఆసుపత్రి చేరాడు. నర్సు రక్తం తీసి గాజు గొట్టంలో పోసి పక్కన పెట్టిందట. ఎంతసేపు చూసినా నీళ్లలాగే ఉందట.

గాజు గొట్టం మాట వినగానే నా చేతులు చల్లబడ్డాయి.

1998లో నాగాయలంక దగ్గర మా ఊళ్లో బాబాయి వరి పనలు కడుతుంటే రక్తపింజరి కరిచింది. కండువాతో కాలు బిగించి కట్టారు, మంత్రం వేయించారు, పసరు పోశారు. మధ్యాహ్నానికి ఆసుపత్రికి తీసుకెళితే అక్కడా ఇలాగే గొట్టంలో రక్తం పోసి 20 నిమిషాలు చూశారు. గడ్డకట్టలేదు. మందు లేదు, పట్నం తీసుకెళ్లమన్నారు. పట్నం చేరేసరికి రాత్రయింది. కిడ్నీలు పనిచేయడం మానేశాయి. నాలుగో రోజు బాబాయి పోయాడు. నేనప్పుడు తొమ్మిదో తరగతి.

పెద్దాయనను అడిగాను, మందు దొరికిందా అని. ఆయనకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. మళ్లీ అడిగితే, "ఆసుపత్రిలో మందు ఎందుకుండదు?" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. సాన్ హోసే పక్కనే కొరొనాడోలో క్లోడోమిరో పికాడో సంస్థ ఉంది. 1970 నుంచి నడుస్తోంది, కోస్టా రికా విశ్వవిద్యాలయానిది. అక్కడి పాముల విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు తీస్తారు. దేశానికి కావలసింది దేశంలోనే తయారవుతుంది. మన రక్తపింజరికి ఆ మందు పనిచేయదు, ఏ నేల పాముకు ఆ నేల మందే కావాలి. మన దగ్గరా నాలుగు పాములకు కలిపి మందు తయారవుతోంది. అయినా 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో పోయారని లెక్క. ఆ లెక్క మొదలవక ముందే పోయిన బాబాయి కోసం మా పిన్ని ఇప్పటికీ ఏడుస్తోంది.

పెద్దాయన ప్రాణం నిలిచింది కానీ పిక్క నిలవలేదు. మందు రక్తాన్ని సరిచేస్తుంది, కాటు పడ్డ చోట అప్పటికే చచ్చిన కండను తిరిగి తేలేదు.

రెండు గంటలకు దారి తెరిచారు.

రాత్రి నడకలో బాటకు రెండడుగుల దూరంలో, రాలిన ఆకుల మధ్య అది చుట్టుకుని ఉంది. గైడ్ లైటు వేసి చూపించేదాకా నాకు ఆకులే కనిపించాయి. మీటరున్నర పైనే ఉంటుంది. కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్య చిన్న గుంట. దానితోనే చిమ్మచీకట్లో ఎలుక ఒంటి వేడిని పసిగడుతుంది. మన రక్తపింజరికి ఆ గుంట ఉండదు. మా ముఖాల వేడి కూడా దానికి తెలుస్తూనే ఉంటుందని గైడ్ అన్నాడు. అది మాత్రం కదల్లేదు. బాబాయిని కరిచిందీ ఇలాగే కదలకుండా పడుకుని ఉంటుంది, ఆయన చూసుకోకుండా కాలు వేసి ఉంటాడు. భయం కంటే దుఃఖమే ఎక్కువైంది నాకు. మిగతావాళ్లు ఫొటోలు తీసుకున్నారు.

పొద్దున బస్టాపులో తోట పనికి వెళ్లేవాళ్లు నిలబడ్డారు. అందరి కాళ్లకూ మోకాళ్లదాకా రబ్బరు బూట్లు. ఫొటో తీసి బాబాయి కొడుక్కి పంపాను. ఆ పొలం ఇప్పుడు వాడే చేస్తున్నాడు.

"బురదలో దిగబడిపోతాయి అన్నయ్యా, నాట్లప్పుడు కుదరదు" అని జవాబు పెట్టాడు. కాసేపటికి ఇంకోటి వచ్చింది: "కోతలకు పనికొస్తాయి. నాది తొమ్మిదో నంబరు. అమ్మకు ఆరు."